కొండ యెక్కవలసిన మూట

నర్సీపట్నము నుండి కృష్ణదేవిపేట మీదుగా తూర్పు కనుమలలోనికి సాగు త్రోవలో కొయ్యూరు కలదు. 1924 మే 7వ తేదీన అల్లూరి సీతారామరాజు తుపాకి గుండ్లకు బలియైన ఊరుగా దాని పేరు తెలుగు విద్యార్థులకు సుపరిచితము. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆ మన్యసీమ ఆయన పేరనే జిల్లాగా ఏర్పడినది. చరిత్ర నటుంచి నిత్యజీవితమును చూచినచో, అచటి గూడెములకు ఉప్పు మొదలు పలక వరకు ప్రతి వస్తువును ఎవరో ఒకరు మోసికొని పోవలసినదే. సంతనాడు మరచిన వస్తువు మరల సంత వచ్చువరకు దొరకదు. మూట కట్టువాని నేర్పు పల్లములో తెలియదు. కొండమీద విప్పినప్పుడు తెలియును.

ఇటీవలి కాలమున ఆ మూటలలో క్రొత్తది యొకటి చేరినది. అది కంప్యూటరు ప్రోగ్రాము.

కొయ్యూరు చుట్టుప్రక్కల కొండవాలున నున్న ఒక పాఠశాలను ఊహింపుడు. అందు పాత కంప్యూటర్లు మూడు. నెట్‌వర్కు ఎండకొక తీరు, వానకొక తీరు. ఉపాధ్యాయుడు సెలవులలో పట్టణమునకు పోయి, పిల్లలకు ఉపయోగించు ఒక ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవులో నింపుకొని తెచ్చెను. సోమవారమునాడు మొదటి యంత్రములో దానిని స్థాపింపబోగా, "కావలసిన గ్రంథాలయము లేదు" అను వాక్యము తెరపై వచ్చి ఆగిపోయెను. రెండవ యంత్రములో ప్రోగ్రాము తెరచుకొనెను గాని నోరు విప్పలేదు; బొమ్మలు కదలుచున్నవి, పలుకు లేదు. మూడవదానిలో ఉపాధ్యాయుడు చేర్చిన తెలుగు పాఠమునకు బదులు వరుసగా ఖాళీ డబ్బాలు కనబడెను. పిల్లలు తెరను విడిచి ఉపాధ్యాయుని ముఖమును చూడసాగిరి.

తప్పెవ్వరిది? ఉపాధ్యాయునిది కాదు, యంత్రములది అంతకంటె కాదు. మూట కట్టినవాడు తన ఇంటిలో నున్నవన్నియు అందరి ఇండ్లలోను ఉండునని తలచెను. మూల సంకేతము నుండి స్థాపనకు సిద్ధమైన ప్యాకేజిని తయారుచేయుటలో ఎదురగు చిక్కులలో పెక్కింటికి వేరు ఈ ఒక్క తలంపే.

ఊహలోని పాఠశాలకు నిజమైన ప్రోగ్రాము నొకదానిని జతచేసి చూచిన విషయము స్పష్టపడును. జీకాంప్రీ అను ప్రోగ్రామును 2000 సంవత్సరములో ఫ్రాన్సు దేశీయుడు బ్రూనో కుద్వా ప్రారంభించెను. ఫ్రెంచి భాషలో ఆ పేరును పలికిన "నాకు అర్థమైనది" అను వాక్యము వలె వినబడును. ఉపాధ్యాయుని చెవికి అంతకంటె ఇంపైన మాట ఉండదు. అంకెలు, అక్షరములు, భూగోళము, విజ్ఞానశాస్త్రము మున్నగు వానిని ఆటల రూపమున నేర్పు వందకు పైగా అభ్యాసములు అందు కలవు. దాని మూల సంకేతమును ఎవరైనను తీసికొనవచ్చును, చదువవచ్చును, మార్పవచ్చును, ఇతరులకు పంచవచ్చును.

మూల సంకేతమనగా ప్రోగ్రాము రచయిత మానవులు చదువగల భాషలో వ్రాసిన పాఠము. యంత్రము దానిని యథాతథముగా గ్రహింపలేదు. మూలము పాకశాస్త్ర గ్రంథము వంటిది, కంపైలరు వంటవాడు, ప్యాకేజి వడ్డించుటకు సిద్ధముగా కట్టి పంపిన భోజనము. పాకశాస్త్ర గ్రంథమును కొండమీదికి పంపిన ఆకలి తీరదు. భోజనమును మాత్రమే పంపి గ్రంథమును దాచిన, అందేమి కలిపిరో, ఉప్పు తక్కువైన ఎట్లు సరిదిద్దుకొనవలెనో తినువానికి తెలియదు. రెండును ఉండవలెననుటయే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమము యొక్క సారము.

ఆ ఉద్యమమునకు బీజము అచ్చుయంత్రములో కాగితము ఇరుకుకొనుట. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ పనిచేయుచున్న కాలమున, కాగితము చిక్కుకొనినప్పుడు వాడుకరులకు తెలియజేయునట్లు పాత అచ్చుయంత్రపు ప్రోగ్రామును ఆయన సవరించియుండెను. 1980 ప్రాంతమున క్రొత్త లేజరు యంత్రము వచ్చినది గాని దాని మూలము రాలేదు. మూలము ఉన్నవారిని అడుగగా ఇచ్చుటకు వీలులేదనిరి. ఈ అనుభవము ఆయన మనస్సులో నాటుకొనినది. 1983 సెప్టెంబరు 27న గ్నూ ప్రణాళికను ఆయన ప్రకటించెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రకటించెను. విడివిడి ప్రోగ్రాములను ఒకే క్రమమున మూటలుగా కట్టి పంచు పనికి డెబియన్ ఒక శాస్త్రమును ఏర్పరచినది.

తెలుగు సీమకు ఈ గాలి ఆలస్యముగానైనను బలముగా వీచినది. హైదరాబాదు కేంద్రముగా గల 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో పనిచేయు లినక్సు వ్యవస్థను సమకూర్చినది. బడిపిల్లల కొరకు పాఠ్యోపకరణములను చేర్చి 'బాల స్వేచ్ఛ' అను కూర్పును వెలువరించినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను రూపొందించి స్వేచ్ఛగా వాడుకొన నిచ్చిరి. పొరుగున కేరళ ప్రభుత్వము తన పాఠశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే ప్రవేశపెట్టినది. ఇవన్నియు మూలమును మూటగా కట్టు నేర్పు గలవారుండుట చేతనే సాధ్యమైనవి.

ఇక మూట కట్టు విధానమును చూతము. మూలమును తెచ్చుకొనుట మొదటి మెట్టు. యంత్రములో కావలసినవి ఉన్నవో లేవో పరీక్షించుట రెండవది. కంపైలు చేయుట మూడవది. పుట్టిన ఫైళ్ళను వాని వాని స్థానములలో అమర్చి, ఒక పట్టికతో కలిపి, ఒకే ఫైలుగా బిగించుట నాలుగవది. చిక్కు ఏ మెట్టున వచ్చినదో తెలిసికొనుటయే సగము చికిత్స.

నూతనముగా ఈ పనికి పూనుకొనినవారు సామాన్యముగా చేయు పొరపాటు చివరి వాక్యమును చదువుట. నిర్మాణము ఆగినప్పుడు తెర అడుగున "పని విఫలమైనది" అని ఉండును. అది ఫలితమే గాని కారణము కాదు. కారణము పైన ఎక్కడో, మొట్టమొదట దోషము కనబడిన వరుసలో ఉండును. ఒక దోషము నూరు దోషములను కనును. మొదటిదానిని సరిదిద్దిన తక్కినవి తామే మాయమగును. వేగము కొరకు ఒకేసారి అనేక ఫైళ్ళను కంపైలు చేయించినప్పుడు సందేశములు ఒకదానితో నొకటి కలిసిపోవును. అట్టియెడ ఒక్కొక్కటిగా నడపించి మరల చదువుటయే మార్గము. లెక్క తప్పినప్పుడు జవాబును గాక, తప్పిన మెట్టును చూపుమని గణితోపాధ్యాయుడు విద్యార్థితో చెప్పుట ఇట్టిదే.

జీకాంప్రీ విషయమున ఒక చిక్కు తరచుగా ఎదురగును. వస్తువులు పడుట, దొర్లుట, తాకుట మున్నగు చలనములను చూపుటకు అది బాక్స్‌2డి అను మరియొక గ్రంథాలయముపై ఆధారపడును. ఆ అనుబంధము మూలములో ఉపభాండాగారముగా, అనగా వేరొకచోట నున్న గ్రంథమునకు సూచనగా మాత్రమే ఉండును. ముఖ్య మూలమును మాత్రము దించుకొనినవానికి ఆ సంచిక ఖాళీగా కనబడును. అతడు అన్నియు తెచ్చితిననియే భ్రమించును. ఉపభాండాగారమును కూడ విడిగా రప్పించుకొననిదే పని ముందుకు సాగదు. పుస్తకములో "అనుబంధము చూడుడు" అని యుండి, అనుబంధపు పుటలు కుట్టకుండ పంపినట్లే యిది.

వేరొక చిక్కు మరింత తికమక పెట్టును. క్యూట్ అను గ్రంథాలయము యంత్రములో ఉన్నది. దానిపై ఆధారపడిన ఇతర ప్రోగ్రాములు చక్కగా నడచుచున్నవి. అయినను నిర్మాణసాధనము "క్యూట్ లేదు" అనుచున్నది. అబద్ధమా? కాదు. డెబియన్ సంప్రదాయమున ఒక గ్రంథాలయమును నడుపుటకు కావలసిన భాగము వేరు, దానితో క్రొత్త ప్రోగ్రామును నిర్మించుటకు కావలసిన శీర్షిక ఫైళ్ళు వేరు. రెండవ భాగము 'డెవ్' అను తోకగల వేరొక ప్యాకేజిలో ఉండును. తినువానికి పచ్చడి చాలును. చేయువానికి రోలు కూడ కావలెను. పేరుతో పాటు తరమును కూడ గమనింపవలెను. 6వ తరపు క్యూట్‌ను కోరు మూలమునకు 5వ తరము ఉండుట లేకుండుటతో సమానము.

కంటికి కనబడని దోషములు మరికొన్ని కలవు. నిర్మాణపు మెట్లను యంత్రమునకు తెలుపు 'మేక్' అను సాధనమును 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రచించెను. దాని పుట్టుకయే ఒక పాఠము. ఆయన సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతయు నిర్దోషమైన ప్రోగ్రాములో దోషమును వెదకి విసిగిపోయెను. దోషమును ముందే సవరించియుండెను గాని, సవరించిన ఫైలును మరల కంపైలు చేయుట మరచెను. పాత భాగమే క్రొత్తదానిలో కలియుచుండెను. ఏది మారినదో గుర్తించి దానిని మాత్రమే మరల నిర్మించు సాధనము కావలెనని ఫెల్డ్‌మన్‌కు తోచినది.

ఆ మేక్‌లో ఆజ్ఞల వరుస ట్యాబు అను మీటతో మొదలు కావలెనని ఆయన నియమించెను. దానికి బదులు ఖాళీ అక్షరములను ఎనిమిదింటిని ఉంచిన కంటికి తేడా లేదు. యంత్రము మాత్రము నిరాకరించును. ఈ నియమము బాగుండలేదని ఆయనకు కొద్ది వారములకే తెలిసినది. కాని అప్పటికే డజనుమంది వరకు వాడుకరులు, అందు పలువురు మిత్రులు, ఉండిరి. వారిని ఇబ్బంది పెట్టుటెందుకని మార్పలేదు. డజనుమందికి కలుగు కష్టమును తప్పించిన ఆ మొగమాటము తరువాతి తరములలో లెక్కలేనంతమందికి కష్టమును మిగిల్చినది. డెబియన్ ప్యాకేజిలోని 'రూల్స్' అను ఫైలు నేటికిని మేక్ భాషలోనే వ్రాయబడుచున్నది. ఆ ట్యాబు నేటికిని క్రొత్తవారిని తడబరచుచునే యున్నది.

ఇట్టివే మరి రెండు. విండోస్ యంత్రములో ఫైలు పేరును ఆంగ్లపు పెద్ద అక్షరములతో వ్రాసినను చిన్న అక్షరములతో వ్రాసినను సామాన్యముగా ఒక్కటే. లినక్సులో అవి వేర్వేరు. అచట కనబడిన బొమ్మ ఇచట "అట్టి ఫైలు లేదు" అనిపించును. విండోస్‌లో వ్రాసిన పాఠమునకు ప్రతి వరుస చివర అదనముగా ఒక కనబడని గుర్తు చేరును. ఆ గుర్తు అంటుకొనిన ఆజ్ఞాఫైలును లినక్సు నడుపలేదు. తెరపై సర్వము సరిగానే కనబడుచున్నప్పుడు, కనబడనిదానిని అనుమానించుట నేర్పరి లక్షణము.

ఇన్ని దాటి ప్యాకేజి సిద్ధమైనదనుకొందము. కట్టినవాని యంత్రములో అది నిరాటంకముగా నడచును. అచటనే అసలు ప్రమాదము పొంచియుండును. అతని యంత్రములో ఏండ్ల తరబడి చేరిన గ్రంథాలయములు, ఫాంట్లు, అమరికలు ఉండును. ప్రోగ్రాము వానిని నిశ్శబ్దముగా వాడుకొనును; పట్టికలో వాని పేరు చేరదు. కొన్నియెడల కట్టినవాని సొంత సంచిక దారియే ప్రోగ్రాములో అచ్చుపడిపోవును. ఆ దారి లోకములో మరి యెవ్వరి యంత్రములోను ఉండదు.

దీనికి డెబియన్ వారు కనిపెట్టిన విరుగుడు శుద్ధమైన గది. కనీసావసరములు తప్ప మరేమియు లేని కృత్రిమ వ్యవస్థను యంత్రములోనే సృష్టించి, పట్టికలో వ్రాసిన వస్తువులను మాత్రమే లోనికి అనుమతించి, అందు ప్యాకేజిని నిర్మింతురు. పట్టికలో ఒక్క పేరు తప్పినను నిర్మాణము అచటనే ఆగిపోవును. పీబిల్డర్, ఎస్‌బిల్డ్ అనునవి ఈ పని చేయును. లింటియన్ అను మరియొక సాధనము కట్టిన మూటను పరీక్షాధికారి వలె శల్యపరీక్ష చేసి నియమోల్లంఘనములను ఎత్తిచూపును. పెరటిలోని కరివేపాకును లెక్కలో వ్రాయక వంట చేసినవాడు, పెరడు లేని ఇంట వండవలసివచ్చినప్పుడే తన లెక్కలోని లోపమును గుర్తించును.

మొదటి యంత్రము పలికిన "గ్రంథాలయము లేదు" అను మాటకు ఇప్పుడు అర్థము తెలియును. డెబియన్‌లో 'డీపీకేజీ' అను సాధనము చేతికిచ్చిన మూటను మాత్రమే విప్పును. దానికి కావలసిన ఇతర మూటలను తెచ్చిపెట్టదు. 'ఆప్ట్' అను సాధనము తెచ్చిపెట్టును గాని అందుకు నెట్‌వర్కు కావలెను. పట్టణములో ఈ భేదము తెలియనే తెలియదు. కొండమీద నిలుచువానికి ఆధారములైన మూటలన్నింటిని కూడ పెన్‌డ్రైవులో చేర్చి పంపవలెను. పాత యంత్రముల విషయమున ఇంకొక జాగ్రత్త కలదు. క్రొత్త వ్యవస్థలో కంపైలు చేసిన ప్రోగ్రాము మౌలిక గ్రంథాలయమగు గ్లిబ్‌సి యొక్క క్రొత్త తరమును కోరును. పాత యంత్రమున అది ఉండదు. 64 బిట్ల యంత్రము కొరకు నిర్మించినది 32 బిట్ల యంత్రమున నడువదు. కావున బడిలోని యంత్రమేదో ముందు విచారించి, దానికి సరిపడు వాతావరణమున నిర్మింపవలెను.

రెండవ యంత్రపు మౌనమునకు కారణము వేరు. జీకాంప్రీలో పలుకుల ఫైళ్ళను ముఖ్య ప్రోగ్రాముతో గాక నెట్‌వర్కు నుండి అవసరమైనప్పుడు దించుకొను ఏర్పాటు కలదు. మూట చిన్నదగుటకు అది మంచి ఉపాయమే. కాని నెట్‌వర్కు లేనిచోట ఆ ఉపాయమే అపాయమగును. నిర్మించువాడు తలచినచో పలుకులను మూటలోనే చేర్పవచ్చును. తలచుటకు మాత్రము, కొండమీద ఒక బడి యున్నదని అతనికి గుర్తుండవలెను.

మూడవ యంత్రములోని ఖాళీ డబ్బాలు ఫాంటు లేకపోవుటను తెలుపును. తెలుగు అక్షరములకు యూనికోడు 1991లో వెలువడిన తొలి కూర్పులోనే స్థానము లభించినది. కాని అక్షరమునకు సంఖ్య ఉండుట వేరు, దానిని గీయు ఫాంటు యంత్రమున ఉండుట వేరు. ప్యాకేజి పట్టికలో తెలుగు ఫాంటును ఆధారముగా వ్రాయనిచో, తన యంత్రములో పోతన ఫాంటు ఉన్నవానికి లోపము కనబడదు. మన్యమున ఇది చిన్న విషయము కాదు. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఆరంభమైనప్పుడు కువి, సవర, కొండ మున్నగు 8 భాషల వాచకములు తెలుగు లిపిలోనే వచ్చినవి. కావున తెలుగు ఫాంటు మరచిన మూట తెలుగు పిల్లవానితో పాటు కువి పిల్లవాని నోటిని కూడ మూయును.

తెలుగు అక్షరములను పరీక్షింపక విడుదల చేసిన ఏమగునో 2018 ఫిబ్రవరిలో లోకమెల్ల చూచినది. 'జ్ఞా' అను అక్షరపు ఒకానొక కూర్పు సందేశములో వచ్చినంతనే ఐఫోను ప్రోగ్రాములు కూలిపోయినవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణను వెలువరింపవలసి వచ్చినది. జ్ఞానమను మాటకు మొదటి అక్షరము మహాయంత్రములను నిలువరించుట విచిత్రమే గాని, నీతి స్పష్టము. వాడువాని అక్షరములతో పరీక్షింపనిది పరీక్ష కాదు.

ఇన్ని సవరించిన పిదప మిగులు ప్రశ్న నమ్మకము. మూటలో పట్టికలో వ్రాసినవే ఉన్నవని ఎట్లు తెలియును? 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజినీరు ఒక ప్రమాదమును బయటపెట్టెను. దూరపు యంత్రములోనికి ప్రవేశించుటకు అర సెకను ఎక్కువ పట్టుచుండుటను గమనించి, ఆ ఆలస్యము వెంటబడి పోగా, ఎక్స్‌జెడ్ అను ప్రసిద్ధ సాధనములో ఎవరో దొంగద్వారము నమర్చిరని తేలినది. ఆ ద్వారమును తెరచు తంత్రము అందరు చూచు మూల భాండాగారములో సంపూర్ణముగా లేదు. విడుదలకై కట్టిన మూటలోని నిర్మాణపు ఆజ్ఞలలో దాగియుండెను. డెబియన్ లేక ఆర్‌పీఎం ప్యాకేజిని కట్టుచున్నప్పుడే అది మేల్కొనునట్లు అమర్చిరి. అనగా మూట కట్టు ఘట్టమే దొంగకు ద్వారమైనది. అర సెకనును ఉపేక్షింపని ఒక్కని శ్రద్ధ ఆ ద్వారము విస్తృతముగా వ్యాపింపకముందే మూయించినది.

ఇట్టివానికి ప్రతిక్రియగా డెబియన్ వారు 2013 నుండి ఒక ప్రయత్నము చేయుచున్నారు. ఒకే మూలమును ఎవరు, ఎక్కడ, ఎప్పుడు నిర్మించినను ఒక్క బిట్టు తేడా లేని ప్యాకేజి రావలెనన్నది వారి ఆశయము. నిర్మాణపు తేదీ, సంచిక దారి, ఫైళ్ళ వరుస వంటి స్వల్ప భేదములను తొలగించిన గాని అది సాధ్యము కాదు. ఇద్దరు వేర్వేరుగా కట్టిన మూటలు సరిపోలిన, నడుమ ఎవ్వరును చేయి పెట్టలేదని నమ్మవచ్చును.

1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసినప్పుడు, తీసికొనిన ఆయుధములను ఠాణా పుస్తకములో వ్రాసి సీతారామరాజు సంతకము చేసెనని చెప్పుకొందురు. శత్రువునకైనను లెక్క చూపుట ఆయన నియమము. ప్యాకేజిలోని మార్పుల పట్టికయు, ఆధారముల పట్టికయు, కట్టినవాని సంతకమును అట్టివే. ఏమి చేర్చితిని, ఏమి మార్చితిని, బాధ్యుడనెవడను అని అవి చెప్పును.

పాఠశాలకు మరల వత్తము. ఉపాధ్యాయుడు నిరాశతో పెన్‌డ్రైవును మూలకు విసరలేదనుకొందము. తెరపై వచ్చిన మొదటి దోషవాక్యమును అక్షరము పొల్లుపోకుండ నోటుపుస్తకములో వ్రాయించెను. యంత్రము ఎన్ని బిట్లది, వ్యవస్థ ఏ తరమునది, ఏ మెట్టున ఆగినది అనునవి విద్యార్థులే నమోదు చేసిరి. "పని చేయుటలేదు" అను ఫిర్యాదు ఎవ్వరికిని ఉపకరింపదు. ఇట్టి నివేదిక మాత్రము పట్టణములోని నిర్మాతకు కన్నులిచ్చును. నిర్మాత పాత యంత్రమునకు తగిన వాతావరణమున మరల నిర్మించి, ఆధారములను, పలుకులను, ఫాంటును చేర్చి, నెట్‌వర్కు తీగను ఊడదీసి పరీక్షించి పంపెను. రెండవమారు మూట బరువైనది, కాని సంపూర్ణమైనది.

ఈ క్రమములో విద్యార్థులు నేర్చినది ప్రోగ్రాములోని ఆటలకంటె ఎక్కువ. దోషమునకు కారణముండునని, కారణమునకు క్రమముండునని, క్రమమును వ్రాసి చూపిన దూరమున నున్న అపరిచితుడు సైతము సాయపడగలడని వారు గ్రహించిరి. మూలము తెరచియున్నది కావున, రేపు వారిలో ఒకరు ఆ మూటను తామే కట్టవచ్చును. అట్లు కట్టుటకు కూర్చున్ననాడు, కొండమీద సోమవారమునాడు మూడు యంత్రముల యెదుట నిలిచిన పిల్లలెవరో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.